చాబీవాలా బిడ్డ

హనోయి విమానంలో పక్క సీటు పెద్దావిడ నన్ను రెండుసార్లు అడిగింది, ఒంట్లో బాగాలేదా అని. ఒళ్ళు బాగానే ఉంది, కాళ్ళే కుదురుగా ఉండటం లేదు. బెల్టు పెట్టుకోమనే దీపం ఆరగానే లేచి వెనకదాకా నడిచి, మళ్ళీ వచ్చి కూర్చుని, అయిదు నిమిషాలకే మళ్ళీ లేచేదాన్ని. ముప్పై ఆరేళ్ళు వచ్చాక మొదటిసారి దేశం దాటుతున్నాను కాబట్టి అలా ఉందని అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, నేను మాదన్నపేటలో మా ఇంట్లో కూడా అలాగే ఉంటాను.

బయలుదేరే రోజు పొద్దున అమ్మ అదే మాట అంది.

"ఏంది బిడ్డా, కాలుగాలిన పిల్లి లెక్క తిర్గుతున్నవ్? గా సంచి గిప్పటికే నాలుగుసార్లు ఇప్పినవ్."

"పాస్‌పోర్టు ఉన్నదో లేదో చూస్తున్ననే."

"పొద్దుగాలనే జూసినవ్ గద. అది రెక్కలొచ్చి ఎగిరిపోతదా?"

బాపు గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పనికి వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది. నన్ను సాగనంపి వెళ్దామని ఆగాడు. "గాడ నీది ఏం పని? పిల్లలకు చదువు జెప్తవా?" అని అడిగాడు.

"జెప్పేటోళ్ళు వేరే ఉంటరు బాపు. నాది పైపని. బ్యాడ్జీలు ఇచ్చుడు, గదులు చూపిచ్చుడు, నెట్ నడుస్తుందో లేదో చూసుడు."

"మరి పిల్లలు ఏం నేర్చుకుంటరు?"

"దొంగలు కంప్యూటర్లల్ల ఎట్ల జొర్రుతరు, వాళ్ళను ఎట్ల ఆపాలె, గది."

బాపు నవ్వాడు. "అంటే మన పనే గదనే!"

నేను నవ్వలేదు. ఆటో వచ్చిందని చెప్పి సంచి ఎత్తుకున్నాను.

మా బాపు తాళంచెవులు చేస్తాడు. చార్మినారు దగ్గర పత్తర్‌గట్టి పక్క సందులో, అత్తరు దుకాణం గోడకు ఆనించి ఒక చెక్క డబ్బా ఉంటుంది. మనిషి కూర్చుంటే మోకాళ్ళు బయటికి వస్తాయి. తీగకు గుచ్చిన తాళంచెవుల గుత్తులు, ఆకురాళ్ళు, చిన్న సుత్తి, ఒక గుడ్డి బల్బు అందులోనే. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు, ఇంట్లోనే మరిచి తలుపేసుకున్నవాళ్ళు, బీరువా మొరాయించినవాళ్ళు ఆయన దగ్గరికి వస్తారు. అందరూ చాబీవాలా అనే పిలుస్తారు. చిన్నప్పుడు సెలవుల్లో నేను ఆ డబ్బాలోనే ఉండేదాన్ని. ఇప్పుడు ఊరికి అటు చివర, అద్దాల మేడలో, ఒక కంపెనీ సెక్యూరిటీ విభాగంలో పని చేస్తున్నాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కడ కన్నం ఉందో వెతకడం నా ఉద్యోగం. మీ నాన్నగారు ఏం చేస్తారని ఆఫీసులో ఎవరైనా అడిగితే "హార్డ్‌వేర్" అనేదాన్ని. అబద్ధం కాదు. అడిగినవాళ్ళు ఏం అనుకోవాలో అదే అనుకునేవాళ్ళు. ఎనిమిదేళ్ళు ఆ ఒక్క మాటతో నెట్టుకొచ్చాను.

కంప్యూటర్ భద్రత నేర్పే ఆ క్యాంపు హనోయి ఊరి బయట ఒక విశ్వవిద్యాలయంలో. వారం రోజులు. పది పన్నెండు దేశాల నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు. ఏటా మా కంపెనీ నుంచి ఒకరిని సహాయానికి పంపుతారు, ఈసారి వంతు నాది. అది అక్కడ చలికాలం చివర. వాన అనడానికి లేదు, కాదనడానికి లేదు. పిండి జల్లెడ పట్టినట్టు రోజంతా ఒక తుంపర. ఉతికిన కుర్తా మూడు రోజులకు కూడా ఆరలేదు. దుప్పటి తడిగా, గోడ తడిగా, కాగితాలు మెత్తగా. కిటికీలోంచి చూస్తే రోడ్డు నిండా మోటారు సైకిళ్ళు, ఒక్కో బండి మీద సంసారం మొత్తం. అదొక్కటి మాత్రం పత్తర్‌గట్టిలాగే అనిపించి కాసేపు ఊపిరాడేది.

మమ్మల్ని నడిపించిన కోఆర్డినేటర్‌కు యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. గొంతు బొంగురు. మెడలో నీలం రిబ్బనుకు తాళంచెవులు వేలాడుతూ ఉండేవి, అవి గలగలమంటే ఆమె వస్తోందని తెలిసేది. ఎవరు ఎక్కడ ఉండాలో, భోజనం ఏ నిమిషానికి మొదలవ్వాలో అంతా ఆమె చేతి పుస్తకంలో రాసి ఉండేది. నాకు ఆమె అంటే భయం, గౌరవం రెండూ కలిగాయి. మొదటి రెండు రోజులు నేను ఆమె చెప్పిన పని చేసి, చెప్పని పని కూడా చేశాను. బ్యాడ్జీలు పంచాను, వైర్లు లాగాను, కుర్చీలు సర్దాను, ఒక కుర్రవాడి పోయిన ఛార్జరు వెతికాను. పని లేకపోతే మెట్లు ఎక్కి దిగేదాన్ని. ఊరికే కూర్చుంటే, వీళ్ళందరి మధ్య నాకేం పని అన్న ఆలోచన వచ్చేది.

మూడో రోజు పొద్దున సిబ్బంది సమావేశంలో కోఆర్డినేటర్ ఒక చిక్కు చెప్పింది. ఆ మధ్యాహ్నం తాళాల పాఠం ఉంది. ఎంత గట్టి ప్రోగ్రాము రాసినా, గది తాళం మామూలు తీగతో ఊడి వస్తే ఏం లాభమో పిల్లలకు చేతులతో చూపించే పాఠం అది. తాళాల పెట్టె వచ్చింది. పాఠం చెప్పాల్సిన ఆయనకు మాత్రం జ్వరం వచ్చి రాలేకపోయాడు.

"ఎవరికైనా కొంచెమైనా తెలుసా? లేదంటే రద్దు చేస్తాను," అందామె ఇంగ్లీషులో.

ఆలోచించేలోపే నా చెయ్యి లేచింది.

"నీకు ఎలా వచ్చు?"

"మా నాన్న తాళంచెవులు చేస్తాడు," అన్నాను. పరాయి దేశంలో, పరాయి భాషలో, నన్ను ఎరగని పదిమంది ముందు ఆ మాట మొదటిసారి అన్నాను. ఎవరూ వింతగా చూడలేదు. ఒకాయన "ఎంత బాగుంది!" అన్నాడు. కోఆర్డినేటర్ పుస్తకంలో నా పేరు రాసుకుని తర్వాతి విషయానికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. పొడుగాటి బల్ల మీద తాళాలు కుప్ప పోశాను. ఒక్కొక్కరికి ఒక తాళం, ఒక సన్నటి కొక్కెం, ఒక వంచిన రేకు ఇచ్చాను. రేకుతో తాళాన్ని తిప్పుతున్నట్టు కొంచెం ఒత్తిడి పెట్టాలి, కొక్కెంతో లోపలి పిన్నుల్ని ఒక్కొక్కటే పైకి లేపాలి. సరైన ఎత్తుకు లేచిన పిన్ను అక్కడే ఆగిపోతుంది, వేలికి చిన్న తట్టు తెలుస్తుంది. ఇది నోటితో చెప్పడం కష్టం. బాపు నాకు చెప్పిన మాటలే ఇంగ్లీషులో పెట్టాను. "కండ్లు మూసుకో. చెయ్యి జెప్తది, ఇను. జోర్ జేయకు. తాళం అలిగిన అత్త అసొంటిది, బతిమిలాడాలె." అత్త మాటకు పిల్లలు పగలబడి నవ్వారు. మా దేశంలోనూ అంతే అని ఒకడు, మా ఇంట్లో అలిగేది తాత అని మరొకడు.

బాపు ఇంకో మాట కూడా చెప్పేవాడు, అది కూడా చెప్పాను: సొంతదారు పక్కన లేనిదే ఎవరి తాళమూ ముట్టకూడదు. అందరూ తలలూపారు.

వాళ్ళలో మంగోలియా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. పందొమ్మిదేళ్ళు, రెండు జడలు. మాట్లాడటం తక్కువ. నేను బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆమె తాళం తెరుచుకుని ఉంది. ఇంకోటి ఇచ్చాను, అదీ తెరిచింది. మిగతావాళ్ళు ఇంకా మొదటిదానితోనే కుస్తీ పడుతున్నారు.

"ఇంతకుముందు చేశావా?"

"లేదు," అంది. తాళం బల్ల మీద పెట్టి, "నాకు ముగ్గురు చెల్లెళ్ళు. రోజూ నేనే జడలు వేస్తాను," అంది. అదే జవాబు అన్నట్టు.

పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆమె ఆగింది. సాయంత్రం గదిలో ఇంకాస్త ప్రయత్నిస్తాను, ఒక తాళం ఇస్తారా అని అడిగింది. ఇచ్చాను. ఆమె దాన్ని రుమాలులో చుట్టుకుని తీసుకెళ్ళిన తీరు చూసి, ఈ పిల్లను ఒకసారి బాపు డబ్బాలో కూర్చోబెట్టాలి అనుకున్నాను.

మర్నాడు తొమ్మిదిన్నరకు నన్ను సిబ్బంది గదికి రమ్మన్నారు. ఆ గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. ఆఖరిరోజు పోటీకి సంబంధించిన ప్రశ్నలు, జవాబులు కవర్లలో పెట్టి అందులో ఉంచారు. బీరువాకు ఇత్తడి తాళం. నేను వెళ్ళేసరికి బీరువా తలుపు వారగా తెరిచి ఉంది, తాళం నోరు తెరుచుకుని కొండీకి వేలాడుతోంది. కవర్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, ఏదీ పోలేదు. కానీ ఎవరైనా తీసి, ఫోటోలు తీసుకుని, మళ్ళీ పెట్టేశారేమో చెప్పలేం.

కోఆర్డినేటర్ ముఖం పాలిపోయి ఉంది. "నిన్న మధ్యాహ్నం నువ్వు తాళాలు తెరవడం నేర్పావు. ఇవాళ పొద్దున ఇది. నిన్ను అనడం లేదు. నీ పాఠంలో అందరికంటే త్వరగా ఎవరు తెరిచారు?"

నేను చెప్పేశాను.

అడిగారు, నాకు తెలుసు, చెప్పాను. అంత తేలికగా వచ్చింది నోట్లోంచి. అక్కడితో ఆగలేదు కూడా. "ఆమె సాయంత్రానికి ఒక తాళం తీసుకెళ్ళింది," అన్నాను. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు.

కోఆర్డినేటర్ ఆ అమ్మాయిని తరగతి మధ్యలోంచి పిలిపించింది. నన్ను బయట ఉండమన్నారు. గది తలుపుకు చిన్న అద్దం ఉంది. ఆమె కుర్చీ అంచు మీద కూర్చుని, ఫోన్ తనే తీసి బల్ల మీద పెట్టడం కనిపించింది. చూసుకోండి అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తర్వాత నేను అద్దంలోంచి చూడలేదు.

వరండా పొడుగునా నడవడం మొదలుపెట్టాను. అటు చివర నీళ్ళ కూజా, ఇటు చివర మెట్లు. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఇలా ఎదురుచూడటం నాకు కొత్త కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. దవాఖానాలో ఆయా పనికి వెళ్ళాల్సిన మనిషి, చీర కట్టుకుని, వెళ్ళకుండా నిలబడి ఉంది. మా వైపే ఒక పెద్దింట్లో దొంగతనం జరిగింది. తాళం పగలగొట్టలేదు, తెరిచారు. బాపును ఠాణాకు తీసుకెళ్ళారు. ఎవరు చెప్పారంటే, రోజూ బాపుతో కలిసి చాయ్ తాగే ఒక దుకాణదారుడు చెప్పాడు. బాపు చేశాడని ఆయన అనలేదు. "గా తాళం తెరిచే చెయ్యి ఈ గల్లీల ఒక్కటే ఉన్నది," అన్నాడు, అంతే. ఆ మాటతో బాపు రెండు రోజులు లోపల ఉన్నాడు. ఆ ఇంటి చుట్టమే డూప్లికేటు తాళంచెవితో ఆ పని చేశాడని తేలాక వదిలేశారు. బాపు ఇంటికొచ్చి స్నానం చేసి, మర్నాడు డబ్బా తెరిచాడు. ఆ దుకాణదారుడు వచ్చి పక్కన కూర్చుని ఎప్పటిలాగే చాయ్ చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ తర్వాత ఆ డబ్బాలో కూర్చోలేదు. చదువు కాస్త గట్టిగా పట్టుకున్నాను. ఆ పని నుంచి వీలైనంత దూరంగా వెళ్ళాలనుకున్నాను.

వరండాలో తిరుగుతూ ఉంటే ఒక్కసారిగా తట్టింది: నేనిప్పుడు చెప్పినది ఆ దుకాణదారుడు చెప్పిన మాటే.

బాపుకు ఫోన్ చేశాను. మనకు అప్పుడు ఇంకా తొమ్మిది కాలేదు. ఇంట్లోనే ఉన్నాడు.

"ఏమైంది బిడ్డా, గొంతు గట్లున్నది? తిన్నవా?"

"తిన్న బాపు. ఒక తాళం సంగతి అడగాలె." బీరువా గురించి, తాళం వేలాడుతున్న తీరు గురించి, రోజంతా పడే తుంపర గురించి చెప్పాను. అమ్మాయి సంగతి చెప్పలేదు. నేను పేరు చెప్పిన సంగతి అసలే చెప్పలేదు.

"ఫికర్ జేయకు. కొత్త తాళమా, పాతదా?"

"కొత్తదే. ఇత్తడిది. నొక్కితే పడేది."

"చాబీ పెట్టే సందు కాడ దీపం పెట్టి చూడు. కొక్కెం పెడితే గీతలు పడ్తయ్, కొత్త ఇత్తడి మీద మెరుస్తయ్. ఎంత పెద్ద ఉస్తాదైనా సరే పడ్తయ్. పొటువ దీసి పంపు."

నేను తలుపు కొట్టి లోపలికి వెళ్ళాను. అమ్మాయి తల ఎత్తి చూసింది. కోఆర్డినేటర్ విసుగ్గా ఏమిటన్నట్టు చూసింది. తాళం ఒకసారి చూడాలి అన్నాను. ఫోన్ దీపం వేసి, దగ్గరగా ఫోటో తీసి పంపాను. సందు అంచున ఒక్క గీత లేదు. ఫ్యాక్టరీలో పూసిన నూనె జిడ్డు కూడా అలాగే ఉంది.

నిమిషంలో బాపు ఫోన్ చేశాడు. స్పీకర్ మీద పెట్టాను. ఆ గదిలో ఆ భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా అందరూ ఫోన్ వైపు వంగారు.

"దీంట్ల కొక్కెం పెట్టలే బిడ్డా. కసమ్ జేసి చెప్త. ఇగ ఒక్క పని జెయ్. తాళం కొండీకి వేసి మెల్లగ నొక్కు. జోర్ జేయకు, మెల్లగ. తడి గాలికి గిట్లాంటి తాళాలు సగం పడి ఆగుతయ్. పడ్డట్టే కనిపిస్తది. పడదు."

మెల్లగా నొక్కాను. చూడటానికి తాళం పూర్తిగా పడ్డట్టే ఉంది. కోఆర్డినేటర్‌ను లాగి చూడమన్నాను. ఆమె బీరువా పిడి పట్టుకుని మామూలుగా లాగింది. తాళం ఊడి వేలాడింది. తలుపు వారగా తెరుచుకుంది, పొద్దున ఉన్నట్టే.

ఆమె మళ్ళీ తాళం వేసి, ఈసారి గట్టిగా నొక్కింది. టక్కుమని శబ్దం వచ్చింది. మూడుసార్లు అలా చేసి చూసింది. తర్వాత చేతి పుస్తకం మూసి, "నిన్న సాయంత్రం భోజనాల బస్సు వచ్చేసింది. నేను తొందరలో ఉన్నాను. ఆ శబ్దం విన్నట్టు గుర్తు లేదు," అంది. పొద్దున తుడవడానికి వచ్చిన ఆమె పిడి పట్టుకుని లాగి ఉంటుంది, లేదా తలుపు తనంతట తనే జారి ఉంటుంది. ఏదైనా సరే, తాళం ఎవరూ తెరవలేదు, అది పడనే లేదు.

కోఆర్డినేటర్ అమ్మాయి వైపు తిరిగి క్షమించమంది. పొడిగా అన్నా, కళ్ళలోకి చూసి అంది. ప్రశ్నలు ఎలాగూ మారుస్తానని, ఇక ఎవరికీ ఈ సంగతి తెలియనక్కర లేదని చెప్పింది. కానీ తరగతి మధ్యలోంచి లేపి తీసుకొచ్చిన పిల్ల గురించి మిగతా పిల్లలు అప్పటికే ఏదో ఒకటి అనుకుని ఉంటారు.

అమ్మాయి బయటికి వచ్చింది. నేను వెనకే వచ్చాను.

"నీ పేరు చెప్పింది నేనే," అన్నాను.

"తెలుసు. తాళం నాకు ఇచ్చింది మీరొక్కరే కదా."

"తప్పు చేశాను."

"నేనే తెరిచానని అనుకున్నారా?"

లేదు అనాలని ఉంది. "కాసేపు అనుకున్నాను," అన్నాను.

ఆమె తలూపింది. కోపంగా కాదు, ఒక లెక్క సరిచూసుకున్నట్టుగా. భుజం సంచిలోంచి రుమాలు మూట తీసి, తాళం, కొక్కెం, రేకు మూడూ నా చేతిలో పెట్టింది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. "తరగతి ఉంది," అని వెళ్ళిపోయింది.

మిగిలిన మూడు రోజులు నేను ఎలా గడిపానంటే, పని చేస్తూ గడిపాను. ఎవరు ఏది మోయమన్నా మోశాను. ఆమె ఉన్న గదిలో నెట్ ఆగిపోతే ఇంకొకరిని పంపాను. భోజనాల దగ్గర ఆమె ఎటు కూర్చుందో ముందు చూసుకుని ఇంకోవైపు కూర్చున్నాను. పోటీలో వాళ్ళ జట్టు బాగానే ఆడింది. ఆఖరిరోజు అందరూ ఫోటోలు దిగారు. ఆమె నా పక్కకు రాలేదు, దూరంగానూ జరగలేదు. ఇంకెవరినో నవ్వుతూ పిలుస్తూ నా ముందు నుంచి వెళ్ళిపోయింది. తిరుగు విమానంలో కిటికీ సీటు దొరికింది. లేవడానికి వీల్లేదు. ఆ నాలుగైదు గంటలు నా జీవితంలో చాలా పొడుగైనవి.

ఇంటికొచ్చేసరికి బాపు ఆ తాళం కథను పత్తర్‌గట్టి అంతా చెప్పేసి ఉన్నాడు. అత్తరు దుకాణం భాయ్ నన్ను చూడగానే, "క్యా బేటీ, ఫోన్ మీదనే పంచాయితీ తెంపిండంట గద మీ బాపు!" అన్నాడు. బాపు ఆకురాయి ఆపి, నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. వారం రోజులు అలాగే తిరిగాను. ఆఫీసులో తెర ముందు కూర్చుంటే అక్షరాలు కనిపించేవి కావు. లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి వచ్చేదాన్ని. మెట్రోలో సీటు ఖాళీ ఉన్నా నిలబడేదాన్ని.

ఒక ఆదివారం డబ్బాకు వెళ్ళాను. ఎన్నో ఏళ్ళ తర్వాత లోపలికి ఒదిగి కూర్చున్నాను. మోకాళ్ళు బయటికి వచ్చాయి. బాపు ఒక తాళంచెవికి పళ్ళు కోస్తున్నాడు.

"బాపు, నీకు ఒక ముచ్చట జెప్పలే," అని అంతా చెప్పాను. మంగోలియా అమ్మాయి, జడలు, రుమాలు, నేను అన్న రెండు మాటలు.

ఆకురాయి ఆగింది.

"వాళ్ళడిగిన్రా, నువ్వే జెప్పినవా?"

"ఎవరు జల్ది తెరిచిన్రని అడిగిన్రు. చెప్పిన."

"అడిగితే జెప్పాల్నా?"

ఎదురుగా ఒకాయన స్కూటర్ తాళంచెవి చేయించుకోవడానికి వచ్చాడు. బాపు తర్వాత రమ్మన్నాడు. ఆయన అలా ఎవరినీ వెనక్కి పంపగా నేను చూడలేదు.

"ఠాణాల నన్ను గూడ గదే అడిగిన్రు," అన్నాడు ఆకురాయి కింద పెట్టి. "కొట్టలే, తిట్టలే. కుర్సీ ఏసి కూసోబెట్టి, ఇంకా ఎవరికొస్తది గీ పని, పేర్లు జెప్పు, జెప్పి ఇంటికి పో అన్నరు. గప్పుడు గీ సుట్టుపక్కల చాబీలు జేసేటోళ్ళం ఐదుగురం ఉంటిమి. పేర్లు నాకెర్కలేదా? జెప్పలే. గందుకే రెండు దినాలు."

ఇది నాకు తెలియదు. అమ్మకు తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు. ఇన్నేళ్ళు నేను బాపును ఆ రెండు రోజులకు బలైన మనిషిగానే చూశాను. సిగ్గుపడ్డాను, జాలిపడ్డాను. ఆ రెండు రోజులు ఆయనే ఎంచుకుని ఉన్నాడని ఎన్నడూ అనుకోలేదు.

బాపు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "ఏంది మీ ఇద్దరి లొల్లి?" అని అమ్మ అడిగితే ఇద్దరం ఏమీ లేదన్నాం. మూడోరోజు అన్నం దగ్గర, నా వైపు చూడకుండా, "గా పిల్లకు జాబు రాయి," అన్నాడు. రాశాను. నాలుగు వాక్యాలు. మా బాపు ఠాణా సంగతి అందులో పెట్టలేదు. పెడితే నా తప్పుకు అది సాకు అయ్యేది. ఏం చేశానో రాసి, క్షమించమన్నాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు కూడా నాకు లేదు. అయినా చాలా రోజులు ఫోన్ మోగినప్పుడల్లా ముందు అదే చూసుకున్నాను.

ఈ ఏడు క్యాంపుకు మళ్ళీ పిలిచారు. ఈసారి తాళాల పాఠానికే ప్రత్యేకంగా అడిగారు. వస్తానని రాస్తూ ఒక షరతు పెట్టాను: పాఠం చెప్పినవాళ్ళను పిల్లల గురించి ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగకూడదు. అడిగినా చెప్పను. ఆ ఉత్తరం పంపాక రెండు రోజులు మెయిల్ తెరవడానికి భయపడ్డాను. కోఆర్డినేటర్ ఒప్పుకుంది. కారణం అడగలేదు. చివర ఒక మాట చేర్చింది: ఫోన్‌లో మాట్లాడిన మీ నాన్నగారు వీడియోలో ఒక గంట పిల్లలతో మాట్లాడగలరా?

డబ్బాకు వెళ్ళి బాపుకు చెప్పాను.

"నాకు ఇంగ్లీష్ రాదు గద."

"నువ్వు మన మాటలనే చెప్పు. నేను వాళ్ళకు చెప్త."

ఆయన చేతిలోని తాళంచెవిని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, పళ్ళు సరిచూశాడు.

"గా పిల్ల ఉంటదా?"

"ఉండదు బాపు. ఈసారి వేరే పిల్లలు."

"అట్లనా. ఏ దినమో ముందుగాల జెప్పు," అని మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.